ఎనిమిదో సంతకం

1788 ఫిబ్రవరి 4న వెల్డన్ ఊరి సభ మా బావ అబీయల్ థర్లోను ఎక్సెటర్ మహాసభకు ప్రతినిధిగా ఎన్నుకుంది. అమెరికా కొత్త రాజ్యాంగాన్ని మా రాష్ట్రం న్యూ హాంప్‌షైర్ ఒప్పుకోవాలా వద్దా అన్నది అక్కడ తేలాలి. ఎన్నుకున్న చేత్తోనే ఊరు ఆయనకు ఒక ఆదేశం కూడా ఇచ్చింది. అది ఒకే వాక్యం: మా ప్రతినిధి ఈ రాజ్యాంగానికి వ్యతిరేకంగా ఓటు వెయ్యాలి. ఆదేశం ఇవ్వాలన్నవాళ్ళు యాభై ఎనిమిది మంది, వద్దన్నవాళ్ళు ముగ్గురు. ఊరి గుమాస్తాను నేను కాబట్టి ఆ వాక్యం నా చేతిరాతలో ఉంది. ఆ యాభై ఎనిమిది మందిలో బావ ఒకడు.

మా ఊళ్ళో ఆదేశమంటే ఆదేశమే. ప్రతినిధి మహాసభలో ఏమైనా వినొచ్చు, ఏమైనా మాట్లాడొచ్చు. ఓటు మాత్రం ఊరిది.

ఫిబ్రవరి 25 మధ్యాహ్నం బావ తిరిగొచ్చాడు. తన ఇంటికి వెళ్ళకుండా నా తలుపు కొట్టాడు.

"ఏం బావా, కాదని చెప్పేసి వచ్చావా?" అన్నాను.

"ఓటింగే జరగలేదు ఈనస్. జూన్‌కి వాయిదా వేశారు. ఈసారి కాన్‌కార్డ్‌లో."

"ఎందుకట?"

"నాలాంటివాళ్ళు అక్కడ చాలామంది తేలారు. ఊరేమో కాదనమని పంపింది. పది రోజులు కూర్చుని విన్నాక మనసేమో ఔనంటోంది. ఊళ్ళకెళ్ళి అడిగి రండి అన్నారు."

"అయితే నీ మనసు..."

"ఔనంటోంది. ముందు కాస్త యాపిల్ సైడర్ పొయ్యి. తర్వాత తిట్టు."

సైడర్ పోశాను. తిట్టలేదు. ఆయన నా పెట్టెలోంచి రెండు కాగితాలు తీయించాడు. ఒకటి 1781 నుంచి నడుస్తున్న సమాఖ్య ఒప్పందం. రెండోది కొత్త రాజ్యాంగం, పత్రికలో అచ్చయినది. రెండూ బల్ల మీద పక్కపక్కన పరిచాడు.

"పాత కాగితం ప్రకారం కాంగ్రెసుకి ఏం కావాలన్నా రాష్ట్రాలను అడగాలి. అంతేనా?"

"అంతే."

"ఇవ్వకపోతే?"

"మళ్ళీ అడగాలి."

"అదే జరిగింది. యుద్ధంలో, ఎనభై రెండు చలికాలం మా సైన్యం హడ్సన్ నది ఒడ్డున ఉంది. బూట్లు పంపమని కాంగ్రెసు పదమూడు రాష్ట్రాలకి రాసింది. ఉత్తరం చాలా బాగా రాశారు, నేను చదివాను. బూట్లు మాత్రం రాలేదు. నా కంపెనీ సైనికుల్లో పంతొమ్మిది మంది కాళ్ళకి గోనె చుట్టుకున్నారు." ఆయన వేలు పాత కాగితం చివరి పేరా మీదికి వెళ్ళింది. "సరే, దీన్ని సరిదిద్దుదామంటే ఇది చదువు. పదమూడు రాష్ట్రాలూ ఒప్పుకోవాలి. పన్నెండు సరిపోవు. ఓడరేవుల్లో సుంకం పెట్టి సైన్యాన్ని నిలబెడదామంటే రోడ్ ఐలండ్ ఒక్కటి కాదంది. పన్నెండు ఔనులూ చెత్తబుట్టలోకి పోయాయి."

"కొత్తదాంట్లో?"

"మొదలవడానికి తొమ్మిది చాలు. తర్వాత మార్చుకోవాలంటే నాలుగింట మూడొంతులు."

"ఇదంతా ఫిబ్రవరి నాలుగున నీకు తెలీదా?"

"చదివాను. అప్పుడు కొత్తదొక్కటే చదివాను, అందుకే భయమేసింది. రెండూ పక్కన పెట్టుకుని చదివింది ఎక్సెటర్‌లోనే."

ఆదేశాన్ని పక్కన పెట్టి కాన్‌కార్డ్‌లో ఔనంటే ఎవరూ చెయ్యి పట్టుకుని ఆపరని నేను అన్నాను. కొందరు ప్రతినిధులు ఆ ఆలోచనలోనే ఉన్నారని పత్రికలో వచ్చింది కూడా. బావ గ్లాసు బల్ల మీద పెట్టాడు.

"ఊరు నన్ను ఆదేశం నుంచి విడుదల చేస్తే ఔనంటాను. చెయ్యకపోతే కాదంటాను. కాదని, ఇంటికొచ్చి సిగ్గుతో చస్తాను. ఈ రెండే దారులు."

మార్చి 11న ఊరి వార్షిక సభ ఉంది. విషయం అక్కడ పెట్టేద్దామనుకున్నాడు. వీల్లేకపోయింది. సభకు పదిహేను రోజుల ముందు తాఖీదును సభా మందిరం తలుపుకు మేకులతో కొట్టాలి, కొట్టాక మార్చకూడదు, తాఖీదులో లేని విషయం మీద ఓటు పెట్టకూడదు. ఆ తాఖీదును నేను ఆ రోజు పొద్దునే కొట్టి వచ్చాను. అందులో పందుల కాపరి ఎన్నిక ఉంది, కంచెల తనిఖీ ఉంది, బందెలదొడ్డి తలుపు బాగుచేత ఉంది. బావ విడుదల లేదు.

"నాలుగు మేకులు బావా, నాలుగే. ఒక్క పూట ముందు వచ్చి ఉంటే..."

"గుర్రానికి చెప్పు," అన్నాడు.

ఇంకో దారి ఉంది. పదిమంది భూమి ఉన్నవాళ్ళు అర్జీ పెడితే ప్రత్యేక సభ పిలవాలి. ఆ పది సంతకాలకు రెండున్నర నెలలు పట్టింది. మంచు కరిగింది, దున్నకాలు మొదలయ్యాయి, చేలల్లో ఉన్నవాళ్ళను బావ కంచె మీద నుంచి పిలిచి పిలిచి మాట్లాడాడు. మే రెండో వారానికి తొమ్మిది అయ్యాయి. పదోది సిపియో డాల్టన్ పెట్టాడు. సిపియో మాసచూసెట్స్‌లో బానిసగా పుట్టాడు. యుద్ధంలో బావ కెప్టెన్‌గా ఉన్న కంపెనీలో పనిచేసి స్వేచ్ఛ సంపాదించుకున్నాడు. కొండ కింద ఇరవై ఎకరాలు కొనుక్కున్నాడు. గోనె చుట్టుకున్న పంతొమ్మిది మందిలో అతను ఉన్నాడు.

"సంతకం పెడతాను కెప్టెన్," అన్నాడు. "అడిగే హక్కు నీకుంది. నా ఓటు మాత్రం అడక్కు."

సభ జూన్ 9న అని తాఖీదు కొట్టాను.

మా కోత మిల్లు సంగతి ఇక్కడ చెప్పాలి. 1769లో ఎనిమిది కుటుంబాలు కలిసి వాగు మీద కట్ట వేసి మిల్లు పెట్టుకున్నాయి. వాళ్ళు రాసుకున్న ఒప్పందం చివర్లో ఇలా ఉంది: కట్టలో గాని ఈ ఒప్పందంలో గాని ఏ మార్పు చెయ్యాలన్నా ఎనిమిది మందీ సంతకం పెట్టాలి. ఏటా జూలై వచ్చేసరికి వాగు సన్నబడుతుంది, రంపం ఆగుతుంది, నవంబరు వానల దాకా మళ్ళీ తిరగదు. ఆ నాలుగు నెలలూ ఊరు దుంగలను పదకొండు మైళ్ళు బండ్ల మీద తోలుతుంది. కట్టను రెండడుగులు పెంచితే ఆ బాధ లేదు. ఐదేళ్ళుగా ఏడు సంతకాలు సిద్ధంగా ఉన్నాయి, అందులో మిల్లు నడిపే జోథమ్ పెల్లీది ఒకటి. ఎనిమిదోది మా బావది. కట్ట పెరిగితే దానికి ఎగువన ఉన్న ఆయన గడ్డి చేను తొమ్మిది ఎకరాలూ మునుగుతాయి.

జూన్ 7న నేను వాళ్ళింటికి వెళ్ళేసరికి మా అక్క మెహిటబుల్ జున్ను ముద్దను మరలో బిగిస్తోంది. బావ కిటికీ దగ్గర నిలబడి సభలో చెప్పబోయేది వల్లె వేస్తున్నాడు.

"ఒక్కడు కాదన్నంత మాత్రాన పన్నెండు మంది ఆగిపోవడం ప్రభుత్వం అనిపించుకోదు..."

అక్క మర తిప్పడం ఆపింది. "ఈ మాట జోథమ్ పెల్లీ ముందు కూడా అంటారా?"

"అతని ముందు అనడానికేగా సభ."

"అంటే అనండి. కాన్‌కార్డ్‌కి వెళ్ళి రోడ్ ఐలండ్‌ను తిడతారు. ఇక్కడికొచ్చి ఐదేళ్ళుగా రోడ్ ఐలండ్ అయి కూర్చున్నారు. ఊళ్ళో ఎవరికీ కళ్ళు లేవనుకున్నారా?"

"అది వేరు మెహిటబుల్. అది నా చేను. మా నాన్నా నేనూ రాళ్ళేరిన చేను."

"రోడ్ ఐలండ్‌వాళ్ళూ ఇదే అని ఉంటారు, అది మా రేవు అని."

బావ టోపీ తీసుకుని బయటికి వెళ్ళిపోయాడు. అక్క మళ్ళీ మర తిప్పింది.

"ఆ గడ్డి మేసిన ఆవుల పాలే ఇవి, తెలుసుగా?" అంది నాతో, జున్ను వైపు చూస్తూ.

"తెలుసక్కా. అయినా అన్నావు."

"అనకపోతే పెల్లీ అంటాడు. నా నోటి నుంచి ముందు వింటే ఆయనకి అరాయించుకోడానికి రెండు రోజులుంటాయి."

మా సభా మందిరానికి గంట లేదు. విరిగిన రంపపు రేకును గుమ్మం పక్కన గొలుసుకు వేలాడదీశాం. జోథమ్ పెల్లీ సుత్తితో దాన్ని కొడతాడు. జూన్ 9 పొద్దున తొమ్మిదికి కొట్టాడు. డెబ్బై నలుగురు ఓటర్లు వచ్చారు. ఆడవాళ్ళు మేడ మీద కూర్చున్నారు. వాళ్ళకు వినడం వరకే.

సభాపతి స్థానంలో చర్చి పెద్ద డీకన్ బర్బ్యాంక్ కూర్చున్నాడు. రెండు కాగితాలూ మొదటి నుంచి చివరి దాకా నన్ను చదవమన్నాడు. గంటా పది నిమిషాలు పట్టింది. పాతది "మేము, రాష్ట్రాల ప్రతినిధులం" అని మొదలవుతుంది. కొత్తది "మేము, ప్రజలం" అని మొదలవుతుంది. అక్కడికి వచ్చినప్పుడు వెనక బెంచీ నుంచి ఎవరో "ఎవర్రా ప్రజలు? నన్నెవడూ అడగలేదే!" అని అరిచారు.

"అందుకే పిలిచారయ్యా నిన్ను, కూర్చో," అన్నాడు డీకన్.

బావ లేచి పావుగంట మాట్లాడాడు. నా బల్ల దగ్గర ఫిబ్రవరిలో చెప్పిందే చెప్పాడు, బూట్ల సంగతితో సహా. తర్వాత సిపియో డాల్టన్ లేచాడు.

"కెప్టెన్, ఆఫ్రికా నుంచి మనుషుల్ని తెచ్చి అమ్మడాన్ని 1808 దాకా ఆపకూడదని కొత్త కాగితంలో ఉందా?"

"ఉంది."

"మిగతావన్నీ సవరించుకోవచ్చు, దీన్ని అప్పటిదాకా ముట్టుకోకూడదని కూడా ఉందా?"

"ఉంది."

"దానికేమంటావు?"

"దాన్ని సమర్థించను సిపియో. అది తప్పు. పాత కాగితం దాని ఊసే ఎత్తలేదు కాబట్టి అది మేలని కూడా అనలేను. తప్పని ఈనస్‌ను పుస్తకంలో రాయమంటాను."

రాశాను. సిపియో కూర్చున్నాడు.

అప్పుడు జోథమ్ పెల్లీ లేచాడు. అతని ఎడమ చేతికి మూడు వేళ్ళే ఉన్నాయి, మిగతా రెండూ మిల్లు తీసుకుంది. ఆ చేత్తోనే ముందు బెంచీ పట్టుకున్నాడు.

"అధ్యక్షా, నాకు రెండు ముక్కలు. ఒకటి. పాత కాగితం శాశ్వతం అని రాసి సంతకాలు పెట్టారు. పదమూడు మంది మాటిచ్చి ఇప్పుడు తొమ్మిది మంది పక్కకెళ్ళి కొత్త కాపురం పెడతామంటే దాన్ని మాట తప్పడం అంటారు మా ఇంట్లో."

"ఆ తొమ్మిది కట్టుబడేది తొమ్మిదికే జోథమ్," అన్నాడు బావ. "రానివాళ్ళ మీద బలవంతం లేదు. అది కూడా ఈనస్ చదివాడు."

"చదివాడులే. రెండోది విను. పోయిన ఆగస్టులో మా అల్లుడి కొట్టం కాలిపోతే చెక్కల కోసం దుంగలను ఎక్కడికి తోలాం?"

జవాబు కూడా జోథమే చెప్పాడు.

"పదకొండు మైళ్ళు. ఎద్దు కాలు విరిగింది. ఇక్కడ మన మిల్లు ఎండలో పడుకుని ఉంది. ఎందుకు? ఏడుగురు ఔనన్నారు, ఒక్కడు కాదన్నాడు. ఆ ఒక్కడు ఇవాళ ఇక్కడ నిలబడి, ఒక్కడి మాట మీద అందరూ ఆగడం ప్రభుత్వమా అని నన్ను అడుగుతున్నాడు. కెప్టెన్ గారూ, తమరు రాష్ట్రమైతే ఒక రూలు, తమరు థర్లో అయితే ఒక రూలూనా?"

మందిరంలో నవ్వులు లేచాయి. నవ్వని వాళ్ళు బెంచీలు చరిచారు. డీకన్ మూడుసార్లు బల్ల కొట్టాల్సి వచ్చింది. ఆ చప్పుడులో ఎవరో "విడుదల కావాలట! ముందు నీళ్ళను విడుదల చెయ్యమనండి!" అన్నారు. ఓటు ఆ క్షణంలో పెట్టి ఉంటే బావ పదిహేను ఓట్లు కూడా దాటేవాడు కాడు. ఆయనకూ అది తెలుసు.

ఆయన అక్క కూర్చున్న మేడ వైపు చూడలేదు. నా బల్ల దగ్గరికి వచ్చాడు.

"మిల్లు ఒప్పందం ఊరి పెట్టెలోనే ఉంది కదా?"

"ఉంది బావా."

"తియ్యి. ఖాళీ కాగితం కూడా."

సభ వైపు తిరిగాడు. "జోథమ్ అన్నది నిజం. రెండు రోజుల కింద మా ఇంట్లో కూడా ఇదే మాట విన్నాను, ఇంతకన్నా గట్టిగా." మేడ మీద ఆడవాళ్ళు కదిలారు. "రోడ్ ఐలండ్ ఎందుకు కాదందో నాకు తెలుసు. ఐదేళ్ళుగా అదే పని చేశాను కాబట్టి తెలుసు. చేతిలో ఆ ఒక్క 'కాదు' ఉంటే ఎవరి బాధా వినక్కర్లేదు. మీ అల్లుడి కొట్టం కాలిన రోజు నేను వినలేదు జోథమ్. రాయి ఈనస్."

ఆయన చెబుతుంటే రాశాను. ఇకమీదట కట్టలో గాని ఒప్పందంలో గాని మార్పుకు ఎనిమిదిలో ఆరు సంతకాలు చాలు. ఆ మార్పు వల్ల ఎవరి భూమి మునిగినా, అంతకు సరిపడా గడ్డి మిగతావాళ్ళు ఏటా ఇవ్వాలి.

"ఆ రెండో ముక్క ఎందుకు?" అన్నాడు జోథమ్.

"ఆరుగురు కలిసి రేపు ఏడోవాడిని ముంచకుండా. ఇవాళ నన్ను, రేపు నిన్ను."

"మరి నీ కొత్త రాజ్యాంగంలో ఇలాంటి ముక్క ఏదీ? మనిషి ప్రార్థనకి, పత్రికకి, ఇంటి తలుపుకి కాపలా ఏదీ?"

"లేదు. ఉండాలి."

"ఉండాలంటే అడగాలి. ఊరికే తలూపి రాకూడదు."

"అడుగుతాను. సవరణలు అడగమని ఊరు రాసిస్తే పట్టుకెళ్తాను."

బావ సంతకం పెట్టాడు. పాత ఒప్పందం మారాలంటే ఎనిమిది సంతకాలు కావాలి. ఎనిమిది కుటుంబాలవాళ్ళూ మందిరంలోనే ఉన్నారు. ఒక్కొక్కరే వచ్చి పెట్టారు. జోథమ్ చివర వచ్చాడు. కాగితం రెండుసార్లు చదివి, మూడు వేళ్ళతో అదిమిపట్టి పెట్టాడు. ఊరి పుస్తకం ప్రకారం అది సభ విషయం కాదు, ఎనిమిది మంది సొంత విషయం. తాఖీదులో లేదని ఎవరూ లేవలేదు.

"ఇప్పుడు ఓటు," అన్నాడు డీకన్. "కెప్టెన్ థర్లోను ఆదేశం నుంచి విడుదల చెయ్యాలి, సవరణలు అడగమని చెప్పాలి అన్నవాళ్ళు తూర్పు గోడకి. వద్దన్నవాళ్ళు పడమర గోడకి."

మా ఊళ్ళో చేతులెత్తడం కన్నా నడవడం ఎక్కువ. డెబ్బై నాలుగు జతల బూట్లు కదిలాయి. సిపియో డాల్టన్ పడమరకు నడిచాడు. తూర్పుకు వెళ్తున్న బావ పక్కకు జరిగి అతనికి దారిచ్చాడు. జోథమ్ మధ్యలో ఆగాడు.

"నాకు ఆ కాగితం ఇప్పటికీ నచ్చలేదు," అన్నాడు అందరికీ వినబడేలా. "కానీ ఎదుటివాడికి పెట్టే రూలు తనకు తాను పెట్టుకున్నవాడిని ఇదే చూడటం." తూర్పుకు నడిచాడు. మిల్లువాళ్ళు పదకొండు మంది అతని వెనకే వెళ్ళారు.

లెక్కపెట్టాను. డీకన్ మళ్ళీ లెక్కపెట్టాడు. తూర్పు నలభై మూడు, పడమర ముప్పై ఒకటి.

మందిరం మెట్ల మీద అక్క కలిసింది. "దేశానికి తొమ్మిది రాష్ట్రాలు కావాలి, మీరు తొమ్మిది ఎకరాలిచ్చారు," అంది బావతో. "జున్ను రుచి మారితే మాత్రం కాంగ్రెసుకి ఉత్తరం రాయను, మీకే చెబుతాను." ఆయన చెయ్యి పట్టుకుంది. వీధిలో అలా పట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు.

జూన్ 18న కాన్‌కార్డ్ సభ మొదలైంది. విడుదల పత్రం జేబులో పెట్టుకుని నేనూ వెళ్ళాను. అప్పటికి ఎనిమిది రాష్ట్రాలు ఔనన్నాయి. మేం ఔనంటే తొమ్మిది, అనకపోతే ఇంకెవరంటారో తెలియదు. మెట్ల మీద, కిటికీల్లో కూడా జనం నిలబడ్డారు. 21వ తేదీ శనివారం, సవరణలు పన్నెండు కోరాలని తేలాక, పేర్లు పిలిచారు. ఒక్కొక్కరూ లేచి ఔనో కాదో చెప్పాలి.

"వెల్డన్, అబీయల్ థర్లో."

"ఔను."

బెంచీలో నా పక్కనున్న ముసలాయన వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటున్నాడు. వేళ్ళు చాలక నా వేళ్ళు కూడా వాడుకున్నాడు. ఔను యాభై ఏడు, కాదు నలభై ఏడు. అరుపులతో కిటికీ అద్దాలు అదిరాయి. టైము కూడా పుస్తకంలో రాయమని ఎవరో అరిచారు, ఇంకో రాష్ట్రం ఇదే రోజు ఔనంటే మేమే ముందని చెప్పుకోవడానికి. మధ్యాహ్నం ఒంటి గంట. ముసలాయన నా చేతులు వదలకుండా ఏడ్చాడు. బావ వచ్చి మా ఇద్దరినీ కలిపి కావలించుకున్నాడు.

పంతొమ్మిది మైళ్ళు. పొద్దు వాలకముందే ఊరు చేరాం. మందిరం గుమ్మంలో జోథమ్ సుత్తితో నిలబడి ఉన్నాడు.

"ఎంత?"

"యాభై ఏడు, నలభై ఏడు," అన్నాడు బావ.

"సవరణలు?"

"పన్నెండు అడిగాం."

"పన్నెండు." జోథమ్ తలూపాడు. "అయితే కొట్టొచ్చు."

తొమ్మిది దెబ్బలు కొట్టాడు. చేలల్లోంచి మనుషులు లేచి రావడం మొదలుపెట్టారు. ఆగకుండా ఇంకో నాలుగు కొట్టాడు, మిగిలిన రాష్ట్రాలకు కూడా వినబడాలన్నాడు. ఆ సాయంత్రం వీధిలో బల్లలు వేశారు. వ్యతిరేకంగా నడిచిన ముప్పై ఒక్కమందిలో ఇరవై ఆరుగురు వచ్చి కూర్చున్నారు. సిపియో రాలేదు. మర్నాడు ప్రార్థన అయ్యాక బావ కొండ కింద అతని ఇంటికి ఒక్కడే వెళ్ళొచ్చాడు.

ఆగస్టులో కట్ట పెంచారు. బావ కూడా రాళ్ళు మోశాడు. సెప్టెంబరు నెలాఖరుకు గడ్డి చేను మీదికి నీళ్ళొచ్చాయి, కంచె కర్రల తలలు మాత్రం పైకి కనిపించాయి. అదే వారం జోథమ్ మొదటి గడ్డి బండి తోలుకొచ్చి అక్కను తూకం చూసుకోమన్నాడు. ఆవిడ చూసుకుంది.

అక్టోబరు 6న నేను రెండు పత్రాలను ఊరి పుస్తకంలోకి ఎక్కించాను. ఒక పేజీలో విడుదల తీర్మానం, ఎదురు పేజీలో మిల్లు ఒప్పందం. రాస్తున్నంతసేపూ కిటికీలోంచి రంపం చప్పుడు వినిపిస్తూనే ఉంది. మా ఊళ్ళో అక్టోబరులో ఆ చప్పుడు వినడం అదే మొదలు.